ఒంటి పడవ వాళ్ళు

లోకనాథ్ వాళ్ళ పాలెంలో డిగ్రీ చదివిన మొదటివాడేం కాదు. అతనికన్నా ముందు ఇద్దరు చదివారు. ఒకాయన బడిపంతులై అమలాపురంలో స్థిరపడ్డాడు, రెండో ఆయన చదువు చాలించి మళ్ళీ వలే పట్టాడు. కానీ కంప్యూటర్ ముట్టుకున్న మొదటివాడు మాత్రం లోకనాథే. అందుకని కోనసీమ చివర, గోదావరి పాయ సముద్రంలో కలిసే మొగ దగ్గరున్న ఆ పాలెంలో అతని మాటకి వయసుకి మించిన విలువుండేది. కూతురికి ఈ సంబంధం కలిసొస్తుందో లేదో చూసి చెప్పమని అడిగిన వాళ్ళు కూడా ఉన్నారు. "అలాంటివి కంప్యూటర్లో ఉండవు పిన్నీ" అంటే, "ఉంటాయిలే, నువ్వే చెప్పవు" అని నవ్వేవాళ్ళు.

తండ్రి పల్లంరాజుకి ఒక పడవ ఉండేది. తల్లి అచ్చాయమ్మ చేపల తట్ట నెత్తిన పెట్టుకుని చుట్టుపక్కల ఊళ్ళు తిరిగేది. వీధి మొదట్లో గోనెపట్టా పరిచి, చేపల్ని పోగులు పోగులుగా వేసి అమ్మేది. లోకనాథ్ రాజమండ్రిలో హాస్టల్లో ఉండి బీఎస్సీ చదివి, దానవాయిపేటలో ఒక కంప్యూటర్ సెంటర్లో సి ప్లస్ ప్లస్ నేర్చుకుని, ఆ సెంటర్లోనే పాఠాలు చెప్పేవాడుగా చేరిపోయాడు. పొద్దున్న పాఠాలు, మధ్యాహ్నం నుంచి ప్రోగ్రాములు రాయడం. మండపేట మిల్లులకీ, కొవ్వూరులో షాపులకీ కావలసిన చిన్నా చితకా ప్రోగ్రాములన్నీ అక్కడే తయారయ్యేవి.

సెంటర్ హనుమంతరాజు గారిది. భీమవరం దగ్గర పల్లెటూరు, చేపల చెరువులున్న కుటుంబం. చెరువుల పని తమ్ముడికి వదిలేసి, కొత్త విద్య ఏదన్నా పెడదామని రాజమండ్రి వచ్చాడు. ఆయనకి కంప్యూటర్ గురించి పెద్దగా తెలియదు. తెలిసినవాణ్ణి గుర్తుపట్టడం మాత్రం తెలుసు. లోకనాథ్‌ని గుర్తుపట్టాడు. "మా లోకనాథ్ రాసిందంటే ఇంక చూసుకోనక్కర్లేదండి" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు. ఆ మాట విన్నప్పుడల్లా లోకనాథ్ తల దించుకుని పని చేసుకుంటున్నట్టు నటించేవాడు గానీ, చెవులు మాత్రం అటే ఉండేవి.

ఆ రోజుల్లో కంప్యూటర్లలో జాగా బహు తక్కువ. పేర్లో, అంకెలో ఒక వరసలో పెట్టుకోవాలంటే, ఎన్ని వస్తాయో ముందు తెలియదు కాబట్టి, నిండినప్పుడల్లా పెద్ద జాగా తీసుకుని పాతవన్నీ అందులోకి మోసుకుపోవాలి. ఆ మోతలోనే యంత్రం మొరాయించేది. లోకనాథ్ దీనికోసం తనే ఒక లైబ్రరీ రాశాడు, సెంటర్లో ఎవరు ఏ ప్రోగ్రాం రాసినా వాడుకోవడానికి. దానికి 'పోగు' అని పేరు పెట్టాడు. ఆ పేరు ఎక్కడినుంచి వచ్చిందో సెంటర్లో ఎవరికీ చెప్పలేదు.

పోగుని తయారుచేసే దారులు, అంటే కన్‌స్ట్రక్టర్లు, రకరకాలుగా పెట్టాడు. అన్నిటికీ పేరు ఒకటే. లోపలికి ఏమిచ్చామన్నదాన్ని బట్టి ఏది పని చెయ్యాలో యంత్రమే ఎంచుకుంటుంది. ఒక అంకె ఇస్తే, అన్ని వస్తువులు పట్టే ఖాళీ పోగు తయారవుతుంది. ముందే జాగా తీసుకుంటుంది కాబట్టి మోత ఉండదు. ఇది మొదట రాసింది. తర్వాత, చిన్న చిన్న పోగులకి అంత హంగామా ఎందుకని ఇంకో రెండు దారులు కలిపాడు. రెండు అంకెలిస్తే ఆ రెండూ వేసిన పోగు, మూడిస్తే ఆ మూడూ వేసిన పోగు, సరిగ్గా సరిపడా జాగాతో, ఒక్క గడి కూడా వృథా కాకుండా. మిల్లు ప్రోగ్రాం దీనిమీద నడిపితే, అంతకుముందు టీ తాగొచ్చేదాకా తెమలనిది కూర్చున్నచోటే అయిపోయింది. హనుమంతరాజు గారు ఆ పూట అందరికీ పుణుగులు తెప్పించాడు.

రాసేటప్పుడే లోకనాథ్‌కి ఒక చోట చెయ్యి ఆగింది. రెండు అంకెలిస్తే అవి వస్తువులు. మూడిస్తే వస్తువులు. ఒకటిస్తే మాత్రం అది వస్తువు కాదు, కొలత. మెట్లు దిగేవాడికి ఒక మెట్టు లేనట్టే. దానికి వేరే పేరు పెడితే సరిపోతుంది. కానీ అలా చేస్తే, అప్పటికే రాసిన ప్రోగ్రాములన్నీ తెరిచి మార్చాలి. పైగా అన్నీ ఒకే పేరుతో ఉంటే చూడ్డానికి ఎంత ముచ్చటగా ఉందో! 'ఒక్క వస్తువే కావాలంటే ఖాళీ పోగు చేసుకుని అందులో వేసుకోండి' అని లైబ్రరీ పైభాగంలో ఎక్కడో ఇంగ్లీషులో ఒక ముక్క రాసి ఊరుకున్నాడు.

అందరికీ పోగు వాడకం చెప్పిన రోజున మంజుష ఒక ప్రశ్న అడిగింది. మంజుష హనుమంతరాజు గారి అన్నకూతురు, అప్పుడే ఎంసీఏ చేసి వచ్చింది. నెమ్మదస్తురాలు. "రెండూ మూడూ చెప్పారు. ఒక్కటే ఉంటే ఏం చెయ్యాలండి?" అంది.

అతను చెప్పాల్సింది ఒక్క వాక్యం. కానీ ఆ రోజు అందరూ తననే చూస్తున్నారు. యజమాని అన్నకూతురు అడిగింది. తను పట్టుకున్న లోపాన్నే ఆమె వచ్చీరాగానే పట్టుకుంది. "ఒక్క చేపని పోగంటారేంటండీ ఎక్కడన్నా?" అన్నాడు.

అందరూ ఘొల్లుమన్నారు. హనుమంతరాజు గారు కూడా నవ్వాడు. మంజుష చెవులు ఎర్రబడ్డాయి. రాసుకుంటున్న కాగితం మీదికి వంగిపోయి ఇంకేమీ అడగలేదు.

*

ఆ నవంబరులో తుపాను వచ్చింది. తొంభై ఆరు తుపానంటే కోనసీమలో ఇప్పటికీ వేరే చెప్పనక్కర్లేదు. కొబ్బరిచెట్లు తలలు తెగి పడ్డాయి. పాలెం నుంచి వేటకి వెళ్ళినవాళ్ళలో తిరిగిరానివాళ్ళున్నారు. వాళ్ళ ఇళ్ళలో జరిగింది ఎవరూ కథగా చెప్పలేరు. పల్లంరాజు జ్వరం వచ్చి ఆ రోజు ఇంట్లో ఉండిపోవడంతో బతికాడు. ఒడ్డున ఉన్న పడవ మాత్రం పోయింది. పడవ ఆచూకీగా ఒక చెక్కముక్క కూడా దొరకలేదు.

మద్రాసు నుంచి ఒక సేవా సంస్థ వచ్చింది. పడవలు పోయినవాళ్ళకి పడవలూ, పడవల్లేని కూలివాళ్ళకి వంటగిన్నెలూ దుప్పట్లూ ఇస్తామన్నారు. ఎన్నో పాలేలు, వందల కుటుంబాలు. ప్రతి పాలెంలో పెద్దమనిషిని వెంటబెట్టుకుని, ఎవరికి ఎన్ని పడవలుండేవి, వాటి నంబర్లేమిటి అని రాసుకున్నారు. ఆ కాగితాలు కంప్యూటర్లో ఎక్కించి జాబితాలు తియ్యడానికి రాజమండ్రిలో సెంటర్ కోసం వెతికితే, హనుమంతరాజు గారు ఉచితంగా చేసిపెడతానన్నాడు. ప్రోగ్రాం మంజుషకి అప్పగించాడు. ఆమె లోకనాథ్ లైబ్రరీ వాడి చక్కగా రాసింది.

లోకనాథ్ వాళ్ళ పాలెంలో పేర్లు రాయించింది చిట్టియ్య. డెబ్బై దాటిన మనిషి, పాలేనికి పెద్ద. తగువులొస్తే తీర్చేది ఆయనే, కొత్త పడవ నీళ్ళలోకి దించేటప్పుడు ముందు కొబ్బరికాయ కొట్టేదీ ఆయనే. మోకాళ్ళ నొప్పులతో కర్ర పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి రాయించాడు.

జాబితా బడి గోడకి అంటించిన తర్వాత వచ్చిన ఆదివారం లోకనాథ్ ఇంటికి వెళ్ళాడు. బస్సు దిగి ఇసకలో నడుస్తుండగానే బడి దగ్గర గుంపు కనిపించింది. ముందు బుల్లిరాజు ఎదురొచ్చాడు. లోకనాథ్‌కి మేనమామ వరస, నోరు పెద్దది. అతనిదీ ఒక్క పడవే, తుపానులో పోయింది.

"ఒరే లోకనాథం, ఈ కాయితాలు మీ సెంటర్లో కొట్టినయ్యే కదా?"

"ఆయ్, మావే."

"మరి నా పేరు గిన్నెల్లో పడిందేంట్రా? నాకు పడవుందా లేదా? నీకు తెలీదా?"

లోకనాథ్ గోడ దగ్గరికెళ్ళి చదివాడు. పడవల కింద ఉన్నవి కొద్ది పేర్లే. అన్నీ రెండు మూడు పడవలున్న ఇళ్ళు. కొడుకు పడవతో కలిపి చిట్టియ్యకి రెండు. ఆయన పేరు పైనే ఉంది. తన తండ్రి పేరు గిన్నెల కింద ఉంది. ఒంటి పడవ వాళ్ళందరూ అక్కడే ఉన్నారు.

లోకనాథ్ గుండెల్లో ఏదో పాత మంట లేచింది. వలలు వేసే చోటు గురించి తగువొచ్చినప్పుడు చిట్టియ్య తన తండ్రికి వ్యతిరేకంగా తీర్పు చెప్పాడు. తను అప్పుడు చిన్నవాడు. తండ్రి ఆ రోజు అన్నం తినలేదు.

"మిషన్లో ఏవన్నా తేడా వచ్చిందేమోరా" అన్నారెవరో వెనకనుంచి.

ఆ మాట అతనికి సూదిలా గుచ్చుకుంది. "కంప్యూటర్ తప్పు చెయ్యదు మావా" అన్నాడు గట్టిగా. "మనం ఏం రాసిస్తే అదే కొడుతుంది. రాసివ్వనిది పుట్టించదు, రాసిచ్చింది మింగెయ్యదు."

అందరూ అరుగు మీద కూర్చున్న చిట్టియ్య వైపు తిరిగారు.

చిట్టియ్య కర్ర ఊతగా లేచాడు. "నేను అందరి పేర్లూ చెప్పేనర్రా. ఒంటి పడవ వాళ్ళని ముందు చెప్పేను కూడాను, ఆళ్ళకి అదే ఆధారం కదా అని."

"చెప్తే ఏవైపోయింది మరి? నీ పేరు మట్టుకి ఎక్కింది!" అన్నాడు బుల్లిరాజు.

చిట్టియ్య లోకనాథ్ వైపు చూశాడు. "నాయనా, నువ్వు అక్కడే ఉంటావు కదా. ఒక్కసారి చూడు. ఎక్కడన్నా..."

"చూడ్డానికేం లేదు తాతా" అన్నాడు లోకనాథ్.

*

రాజమండ్రి వచ్చాక కూడా అతను చూడలేదు. తండ్రి పేరు పడవల జాబితాలో లేదని తనే కదిలిస్తే, ఇంటివాళ్ళకోసం సిఫార్సు చేస్తున్నాడనుకుంటారని ఒక మొహమాటం. అది మొహమాటమేనా అని తర్వాత చాలాసార్లు తనని తాను ప్రశ్నించుకున్నాడు.

చూసింది మంజుష. ఇంకో రెండు పాలేల నుంచి కూడా ఇలాంటి గొడవే వచ్చిందని సంస్థవాళ్ళు అంటే, కాగితాల్లోంచి ఒక ఒంటి పడవ కుటుంబాన్ని తీసి మళ్ళీ ఎక్కించింది. మధ్యాహ్నం భోజనాలు చేసి అందరూ కునికిపాట్లు పడుతున్న వేళ లోకనాథ్‌ని పిలిచింది.

"ఒకసారి చూస్తారా? పడవ నంబరు నలభై ఏడు ఇస్తున్నాను. పడవలు సున్నా అంటోంది."

అతను వెనక నిలబడి తెరమీద చూశాడు. రెండు పడవలున్నచోట ఆమె పోగుకి రెండు నంబర్లు ఇచ్చింది. మూడున్నచోట మూడు. ఒకటున్నచోట ఒకటి. అంతకన్నా సహజంగా ఎవరు మాత్రం ఎలా రాస్తారు? యంత్రం నలభై ఏడుని పడవ అనుకోలేదు. నలభై ఏడు పట్టే ఖాళీ పోగు చేసి పెట్టింది. ఖాళీ కాబట్టి పడవల్లేవు. పడవల్లేవు కాబట్టి గిన్నెలు.

తప్పెక్కడుందో అతనికి తెలిసిపోయింది. కానీ నోట్లోంచి వచ్చిన మాట ఇది: "మీరు సరిగ్గా చదవలేదండి. ఒక్క అంకె ఇస్తే అది కొలత. పైన రాశానుగా."

మంజుష తలెత్తింది. కోపంగా లేదు. "ఆ రోజు అడిగాను కదండీ" అంది. "మీరు చేపల గురించి చెప్పారు."

అతను కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. తల్లి వీధి మొదట్లో గోనెపట్టా మీద వేసే పోగులు కళ్ళముందు కదిలాయి. పెద్ద చేపైతే అచ్చాయమ్మ ఒక్కదాన్నే విడిగా పెట్టి, ఇదొక పోగమ్మా అనేది. అది తెలిసీ పదిమందిని నవ్వించడానికి ఆ మాట అన్నాడు. తన ఇంట్లో ఉన్నది ఒక్క పడవే. ఆ ఇంట్లో పుట్టినవాడే, ఒక్కటి ఎవరికుంటుందిలే అన్నట్టు లైబ్రరీ రాశాడు.

"తప్పు నాదేనండి" అన్నాడు. ఆమెకి వినపడిందో లేదో కూడా తెలియనంత మెల్లిగా.

హనుమంతరాజు గారు సంగతంతా విని ఎవరి మీదా కేకలెయ్యలేదు. "తప్పెవరిదన్నది తర్వాత. ముందు సరిచేసి పంపండి" అన్నాడు. కొంచెం ఆగి, "పైన 'రెండో విడత' అని వెయ్యండి" అన్నాడు.

"మా పాలెంలో ఒక పెద్దాయన్ని అందరూ అనుమానిస్తున్నారండి" అన్నాడు లోకనాథ్.

"నువ్వు వెళ్ళినప్పుడు నోటిమాటగా చెప్పుకో నాయనా. కాయితం మీద వద్దు. మన లెక్క తప్పిందని తెలిస్తే రేపొద్దున్న ఒక్క మిల్లువాడు మన గుమ్మం తొక్కుతాడా? ఇక్కడ పనిచేసేవాళ్ళందరూ ఏమైపోతారు?"

ఆ మాటకి లోకనాథ్‌కి ప్రాణం కుదుటపడింది. కుదుటపడినందుకే సిగ్గేసింది. బయటికొచ్చి పంపు దగ్గర మొహం కడుక్కున్నాడు, లోపలికి మాత్రం చాలాసేపు వెళ్ళలేకపోయాడు.

*

రెండో విడత జాబితా వచ్చింది. ఒంటి పడవ వాళ్ళందరికీ పడవలొచ్చాయి. పల్లంరాజుకీ వచ్చింది.

కొత్త పడవ దించే రోజున లోకనాథ్ అక్కడే ఉన్నాడు. పసుపు రాశారు, పూలదండ వేశారు. కాయ కొట్టడానికి చిట్టియ్యని ఎవరూ పిలవలేదు. బుల్లిరాజు ముందుకొచ్చి కొట్టేశాడు. కాయ పగిలిన చప్పుడు మీదే గట్టిగా అన్నాడు: "ఆరోజు ముసలోణ్ణి నిలదియ్యబట్టి వచ్చేయర్రా ఇయ్యి! లేపోతే మనకి గిన్నెలే గతి!"

అందరూ ఔనౌనన్నారు. లోకనాథ్ నోరు తెరిచాడు. పక్కన తండ్రి పడవ అంచు మీద చెయ్యి వేసి నిమురుతున్నాడు. తుపాను తర్వాత ఆ మనిషి మొహంలో వెలుగు కనబడడం అదే మొదలు. ఇప్పుడెందుకు, భోజనాలయ్యాక చెబుదామనుకున్నాడు. భోజనాలయ్యాయి. అచ్చాయమ్మ కొసరి కొసరి చేపల పులుసు వడ్డించింది. తిన్నాడు, చెప్పలేదు.

ఆ తర్వాత ప్రతిసారీ ఇంటికి వెళ్ళేటప్పుడు రావులపాలెం దాకా మాటలు కూర్చుకునేవాడు, వచ్చేటప్పుడు రావులపాలెం దాకా తనని తాను తిట్టుకునేవాడు. సోమవారం మంజుష "చెప్పారా?" అనేది. "వచ్చే వారం చెప్తానండి" అనేవాడు. కొన్నాళ్ళకి ఆమె అడగడం మానేసింది. అడిగినన్నాళ్ళూ ఇబ్బంది పడ్డవాడు, మానేశాక ఆమె ముందు తలెత్తి మాట్లాడలేకపోయాడు.

ఎండలు ముదిరాక ఒకరోజు రేవులో ఏరు దాటించే పంటు కోసం ఎదురుచూస్తుంటే చిట్టియ్య కనిపించాడు. పక్కన ఒక సంచీ, కర్ర. పాలకొల్లులో కూతురింటికి వెళ్తున్నాడట.

"ఎన్నాళ్ళుంటావు తాతా?"

"ఉండిపోదావనే. పాలెంలో నాతో పనేవుంది ఎవరికీ?" అన్నాడు చిట్టియ్య. నిష్ఠూరంగా అనలేదు. ఆ గొంతులో నిష్ఠూరానికి కూడా ఓపిక లేదు.

లోకనాథ్ ఆయన పక్కన బల్ల మీద కూర్చుని చెప్పేశాడు. కూర్చుకున్న మాటల్లో ఒక్కటీ గుర్తురాలేదు. పోగు అన్నాడు, కొలత అన్నాడు, తికమకపడ్డాడు, మళ్ళీ మొదలుపెట్టాడు. చిట్టియ్య చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని శ్రద్ధగా విన్నాడు.

"అంటే... రెండు పడవలుంటే రెండని రాసుకుంటది. మూడుంటే మూడని. ఒకటుంటే?"

"ఖాళీ అనుకుంటుంది తాతా."

"ఎందుకలా పెట్టేవురా?"

"పని తొందరగా అవుతుందని. చూడ్డానికి బాగుంటుందని."

చిట్టియ్య నీళ్ళ వైపు చూస్తూ కూర్చున్నాడు. "నీకెప్పుడు తెలిసింది?"

"రెండో జాబితా ముందే."

"మరి ఇన్నాళ్ళూ?"

పంటు వచ్చింది, జనం ఎక్కారు. చిట్టియ్య ఎక్కలేదు. సంచీ లోకనాథ్ చేతికిచ్చి లేచాడు. "పద. ఇదే మాట ఆళ్ళ ముందు చెప్పు."

*

వలలు బాగుచేసుకునే పాకలో ఆ సాయంత్రం అందరూ కూడారు. లోకనాథ్ నిలబడి తప్పు తనదని చెప్పాడు. ఈసారి తడబడలేదు. చిట్టియ్య తాత అందరి పేర్లూ రాయించాడనీ, ఒంటి పడవ వాళ్ళని తన ప్రోగ్రామే పోగొట్టిందనీ, ఆ సంగతి తెలిసి కూడా తను దాచాడనీ చెప్పాడు.

బుల్లిరాజు నవ్వాడు. కోపంగా కాదు, ముద్దుగా.

"ఒరే నాయనా, బడి దగ్గర నువ్వే కదరా చెప్పేవు? కంప్యూటర్ తప్పు చెయ్యదని. రాసిచ్చింది మింగెయ్యదని. మేవందరం ఇన్నాం."

"అప్పుడు నాకు తెలీదు మావా!"

"తెలీకేం. ముసలాయన ఊరొదిలిపోతుంటే నీకు జాలేసింది. మంచిదే. మాకూ జాలే. కానీ అబద్ధం ఎందుకురా?"

పాకంతా నవ్వులు. అచ్చాయమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "మా వోడు చిన్నప్పట్నుంచీ అంతే. ఒకళ్ళ తప్పు తన నెత్తినేసుకుంటాడు" అంది పక్కనున్నావిడతో. లోకనాథ్ గొంతు పెంచాడు, ఒట్టు వేశాడు. ఒట్టు వేసినకొద్దీ వాళ్ళ కళ్ళలో ప్రేమ పెరిగింది. ఎవరో లేచి భుజం తట్టారు. ఇంత చదువుకుని ఇంత మంచి మనసున్నవాణ్ణి ఎక్కడా చూడలేదన్నారు.

చిట్టియ్య ఎప్పుడు వెళ్ళిపోయాడో ఎవరూ గమనించలేదు.

నమ్మింది పల్లంరాజు ఒక్కడే. మర్నాడు పడవ దగ్గర కొడుకుని అడిగాడు. "నిజవేనా?"

"నిజవే నాన్నా."

"అయితే నన్ను గిన్నెల్లో వేసింది నువ్వా." అంతే అన్నాడు. వల సర్దుకుంటూ ఉండిపోయాడు. కొంతసేపటికి పడవ దిగి, చిట్టియ్య ఇంటికి వెళ్ళి, రేపటి వేటకి తన పడవకి ఎదురు రమ్మని అడిగాడు. చిట్టియ్య వచ్చాడు. అది చూసి పాలెంలో వాళ్ళు, "కొడుకు మంచితనం తండ్రికీ అబ్బింది" అనుకున్నారు.

లోకనాథ్ ఊరుకోలేదు. ఆ తర్వాత రెండుసార్లు, ఒకసారి పెళ్ళిలో, ఒకసారి బుల్లిరాజు ఇంట్లో, మళ్ళీ అదే మాట ఎత్తాడు. రెండోసారి ఆ సంగతి చిట్టియ్య చెవిన పడింది. మనిషిని పంపి పిలిపించాడు.

"కూచో" అన్నాడు మంచం అంచు చూపించి. "ఇంక ఆ మాట ఎక్కడా అనకు."

"నేను కాకపోతే ఎవరంటారు తాతా?"

"నువ్వన్నప్పుడల్లా ఏవవుతుందో చూడు. నీకు మంచిపేరు పెరుగుతుంది. పాపం, ఈ దొంగముసలోడి కోసం ఎంత అవస్థ పడుతున్నాడో కుర్రోడు అంటారు. మరిచిపోయినోడికి కూడా నువ్వే గుర్తుచేస్తున్నావు." ఆయన మొహం గోడవైపు తిప్పుకున్నాడు. "నాకు నువ్వు చేసింది చాలు. ఒదిలెయ్యి."

లోకనాథ్ ఆ గుమ్మంలోంచి ఎలా బయటపడ్డాడో అతనికే తెలియదు.

*

సెంటర్లో పోగుని మార్చేశాడు. ఒక అంకెని కొలతగా తీసుకునే దారి తీసేశాడు. ఖాళీది కావాలంటే ఒక పేరు, వస్తువులు వేసినది కావాలంటే ఇంకో పేరు. ఒక్కటిచ్చినా, రెండిచ్చినా, పదిచ్చినా అవి వస్తువులే. పాత ప్రోగ్రాములన్నీ తెరిచి ఒక్కొక్కటీ సరిచేశాడు. ముందు ఏ పనికి బద్ధకించాడో సరిగ్గా ఆ పనే. తీరా చేస్తే అదేమంత పెద్ద పని కాదు. అది తెలిసి ఇంకా సిగ్గుపడ్డాడు.

ఒక సంగతి మాత్రం మంజుషకి కూడా చెప్పలేదు. ఆ జాబితాలు తన పాలేనికొక్కదానికే వెళ్ళలేదు. ప్రతిచోటా పేర్లు రాయించిన ఒక పెద్దమనిషి ఉన్నాడు. ఒక సెలవురోజు ధైర్యం చేసి బస్సెక్కి అలాంటి పాలెం ఒకదానికి వెళ్ళాడు. టీ బడ్డీ దగ్గర నిలబడి, తుపాను పడవల గురించి మాట కలిపాడు. బడ్డీ ఆయన గ్లాసు కడుగుతూ, "మా పెద్ద కూడా తినేసేవోడేనండి, మేం గట్టిగా అడగబట్టి రెండో విడతలో ఇచ్చేరు" అన్నాడు. ఆ పెద్ద ఎక్కడుంటాడని లోకనాథ్ అడగొచ్చు. అడగలేదు. చెప్పినకొద్దీ చెడే జరుగుతుందని చిట్టియ్య తాతే అన్నాడు కదా అని సర్దిచెప్పుకుని, టీ తాగి తిరుగు బస్సెక్కాడు. ఆ సర్దుబాటు ఎంత అనుకూలంగా ఉందో అతనికి తెలుసు. మిగతా పాలేలకి వెళ్ళనే లేదు.

మంజుష పెళ్ళి చేసుకుని భీమవరంలో కాలేజీలో లెక్చరరయింది. హనుమంతరాజు గారు రెండువేల రెండులో సెంటర్ అమ్మేస్తే, లోకనాథ్ ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ల్యాబు చూసుకునే ఉద్యోగంలో చేరాడు. నెమ్మదిగా, ఎవరేం అడిగినా విసుక్కోకుండా చెబుతాడని పేరు. ఆడపిల్లలు ధైర్యంగా ప్రశ్నలడిగేది ఆయన ల్యాబులోనే అంటారు. ఎవరైనా పొగిడితే లేచి వెళ్ళిపోతాడు. అది వినయమనుకుంటారు.

చిట్టియ్య పాలెంలోనే పోయాడు, మళ్ళీ పాలెం పెద్దమనిషిగా కాదు, ఒక మామూలు ముసలివాడుగా. కబురు తెలిసి లోకనాథ్ వెళ్ళేసరికి పాడె కడుతున్నారు. అతన్ని చూడగానే జనం పక్కకి తప్పుకుని దారిచ్చారు. "ఆయన్ని చివరిదాకా వెనకేసుకొచ్చినవాడు, ఈడే ముందు పట్టాలి" అన్నాడు బుల్లిరాజు. వద్దు మావా, వద్దు మావా అని లోకనాథ్ వెనక్కి జరిగాడు. వాళ్ళు వినలేదు. చెయ్యి పట్టి తీసుకొచ్చి ముందు నిలబెట్టారు. దారంతా ఆడవాళ్ళు గుమ్మాల్లో నిలబడి చూశారు. లోకనాథ్ ఎవరి మొహంలోకీ చూడకుండా, కాళ్ళకింద ఇసక చూసుకుంటూ ఒడ్డుదాకా మోశాడు.